వియ్యపురాలితో తిన్న హోటల్ కూడు

పోయిన శుక్రవారం పొద్దున ఆళ్లగడ్డలో మా వియ్యపురాలు కన్నుమూసింది. కాఫీ పెట్టమని కోడలికి చెప్పి, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, కాఫీ వచ్చేలోగా పోయింది. ఆ కోడలు మా అమ్మాయి. నాకు ఫోను చేసింది. "అమ్మా, అత్తమ్మ..." అని ఆగిపోయింది. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. నాకు అర్థమైంది.

ఆదివారం బట్టల కోసం ఒక్క పూట నంద్యాలకు వచ్చి మన పఠన మండలికి తొంగి చూస్తే, ఆమె కోసం అందరూ లేచి మౌనం పాటించారు. సంతోషం. ఆ తర్వాత మాట్లాడినవాళ్లు కూడా ఆ మౌనాన్నే కొనసాగించి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని. "జీవితమంతా ఇంటి గడప దాటి ఒక్క మెతుకు ముట్టని పాతకాలపు ఇల్లాలు" అన్నారు మన అధ్యక్షురాలు. మీరంతా తలలూపారు. అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను: తప్పు. ఆళ్లగడ్డ బస్టాండు పక్క హోటలు మొదలుకొని హైదరాబాదులో చీకటి చేసి అన్నం పెట్టే రెస్టారెంట్ల దాకా ఆమె తినని చోటు లేదు. తిన్నదంతా నాతోనే కాబట్టి సాక్ష్యం చెప్పే హక్కు నాకే ఉంది. ఆమె గురించి నాలుగు మాటలు రాసి మీ అందరి ఫోన్లకూ పంపమన్నారు కదా. ఈ దిద్దుబాటుతోనే మొదలుపెడుతున్నాను. లేకపోతే ఆమె ఊరుకోదు. "ఏం వదినా, నేను యాడా తినలేదంటనా? మరి ఆ దోసెలన్నీ ఎవురు తినిరి?" అని అడుగుతుంది.

మా అత్తగారి వంశంలో ఒక పట్టింపు ఉంది. పెళ్లయిన కూతురికి బిడ్డ కలిగేదాకా ఆమె తల్లిదండ్రులు వియ్యాలవారింట్లో అన్నం తినకూడదు. మంచినీళ్లు తాగవచ్చు, కాఫీ తాగవచ్చు. మెతుకు మాత్రం పనికిరాదు. ఎందుకని అడిగితే మా అత్త కళ్లు పెద్దవి చేసేదే తప్ప జవాబు చెప్పేది కాదు. నేనేమో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు పాఠం చెప్పినదాన్ని. గ్రహణం పూట నిక్షేపంగా అన్నం తినవచ్చని పిల్లలకు చెప్పి, వాళ్ల తల్లుల చేత తిట్లు తిన్నదాన్ని. అలాంటిదాన్ని ఈ పట్టింపును నవ్వి అవతల పారేయాలి. తీరా మా అమ్మాయి పెళ్లయ్యాక చెయ్యి ఆగింది. నేను తినేసి, ఆ తర్వాత దానికి ఏమైనా అయితే? ఈ ప్రశ్నకు సైన్సు దగ్గర జవాబు ఉంది. తల్లి కడుపు ఆ జవాబు వినదు.

పెళ్లయిన కొత్తలో మొదటిసారి ఆళ్లగడ్డకు పోయినప్పుడు మధ్యాహ్నం భోజనానికి లెమ్మన్నారు. నేను లేవలేదు. సంగతి చెప్పాను. మా వియ్యపురాలు నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. అప్పటికే ఆమె భర్త లేడు. ఇంటికి పెద్ద దిక్కు పక్కింట్లో ఉండే ఆమె బావగారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని వింటున్నాడు.

"నీళ్లు తాగుతావా?"

"తాగుతా వదినా."

"కాఫీ?"

"తాగుతా."

"అన్నం తినవు. ఇంటికి పోతా పోతా బస్సులో కండ్లు తిరిగి పడితే ఆ పాపం ఎవురిది? నాదే గదా. లెయ్యి, పా."

"యాడికి?"

"హోటల్‌కు. అది నా ఇల్లు గాదు, నీ కూతురిల్లు గాదు. యా శాస్త్రమూ అడ్డం రాదు."

చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. వెనక బావగారి దగ్గు వినిపించింది. ఆ దగ్గుకు అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు మీరు పుట్టినరోజు వస్తే చాలు, పిల్లాజెల్లాతో రెస్టారెంటుకు పోయి ఫోటోలు దిగుతున్నారు. అప్పట్లో మా వైపు సేద్యగాళ్ల ఇళ్లల్లోని ఆడవాళ్లు, అందులోనూ భర్త పోయిన మనిషి, సొంత ఊరి బస్టాండులో హోటలెక్కి కూర్చోవడమంటే మాటలు కాదు. గల్లాపెట్టె దగ్గరాయన ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"పార్సిలామ్మా?"

"కాదప్పా. కూచోని తినేకి వచ్చినాం."

ఆయన మమ్మల్ని మూలనున్న గదిలోకి పంపించాడు. 'ఫ్యామిలీ' అని రాసి, ఆకుపచ్చ పరదా కట్టి ఉండేది. పరదా మీద సాంబారు మరకలు. ఆ పరదా మమ్మల్ని ఊరికి కనపడకుండా దాచడానికి. మా వియ్యపురాలు దాన్ని పక్కకు లాగి ముడేసింది. "దొంగసొత్తు తింటాండామా?" అంది.

ఏమున్నాయని సర్వర్ని అడిగింది. అతను ఇడ్లీ, వడ, పూరీ, దోసె, ఎర్రకారం దోసె, ఉగ్గాని బజ్జీ, పొంగలి అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె శ్రద్ధగా అంతా విని, "ఇంకొకసారి చెప్పప్పా" అంది. అతను మళ్లీ చెప్పాడు. "సరే. ఇడ్లీ తీసుకరా" అంది. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎంత పెద్ద హోటలుకు పోయినా ఈ తంతు మారలేదు. మొత్తం వినాలి, రెండుసార్లు వినాలి, ఇడ్లీ చెప్పాలి. వేడివేడి దోసె పక్క టేబుల్ మీదికి పోవడం చూశాక మనసు మార్చుకోవాలి.

చేతులు కడుక్కునే వంకతో వెనక వంటింట్లోకి తొంగి చూసి వచ్చేది. నీళ్ల డ్రమ్ము మీద మూత లేకపోతే అక్కడే నిలబడి మూత పెట్టించి వచ్చేది. ప్లేటును కొంగుతో మరోసారి తుడిచేది. సంచిలోంచి చిన్న డబ్బా తీసి మామిడికాయ ఊరగాయ వడ్డించేది. అది చూసి హోటలువాళ్లు ముఖం మాడ్చుకుంటే "నీ చెట్నీకి తోడుగా తెచ్చినాలేప్పా, ఒక్కతే యాల ఉండల్ల అది" అనేది.

నంద్యాలకు వస్తే ఆమె మా ఇంట్లో తినవచ్చు. పెళ్లికొడుకు తల్లికి ఏ పట్టింపూ లేదు. అయినా తినేది కాదు. "నువ్వు మా ఇంట్లో ముట్టవు. నేను మీ ఇంట్లో తింటే తూకం తప్పుతాది" అని వాదన. అందుకని నంద్యాలలోనూ హోటలే. గాంధీచౌకు వైపు ఒక సాయిబు బిర్యానీ హోటలు ఉండేది. ఆ భాయి మమ్మల్ని చూడగానే ఫ్యాను కింద టేబుల్ తుడిపించేవాడు. "పెద్దమ్మా, బిర్యానీ ఎట్లుంది?" అని అడిగితే, "బాగుండాది నాయనా, ఇంగ కొంచెం మెత్తగా ఉడికుంటే మా వదినకు గూడా పండ్లు ఉండాయని తెలిసేది" అనేది. పోగొట్టుకున్న పన్నూ నాదే, పోయిన పరువూ నాదే. భాయి పడీ పడీ నవ్వేవాడు.

ఇదంతా చదివి మేమేదో విలాసంగా తిరిగామనుకునేరు. కాదు. ఆ హోటళ్లల్లో నేను తిన్నదానికంటే భయపడింది ఎక్కువ.

ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి, ఆపైన లెక్క పెట్టడం మానేశాను. మా అమ్మాయికి బిడ్డ కలగలేదు. ఆళ్లగడ్డకు పోయిన ప్రతిసారీ ఇదే తంతు. దిగగానే దాని ముఖం చూడాలి, అందులో ఏమీ లేదని తెలుసుకోవాలి, ఆపైన మా వియ్యపురాలితో హోటలుకు నడవాలి. ఇంట్లో తినలేకపోవడమే ఒక చాటింపు అయిపోయింది. మేమిద్దరం బస్టాండు వైపు నడుస్తుంటే, ఇంకా బిడ్డ లేదని ఊరంతటికీ ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. అరుగుల మీద మాటలు ఆగేవి. మేము దాటాక మళ్లీ మొదలయ్యేవి.

ఆ ఇంట్లో ఏమనుకుంటున్నారో నాకు అప్పుడప్పుడు చెవిన పడేది. బావగారు తన భార్య వైపు ఒక పిల్లను చూసి ఉంచాడని, మా అల్లుడికి రెండో పెళ్లి మాట కదుపుతున్నాడని మా అమ్మాయే ఒకసారి గుడ్డలు మడతపెడుతూ చెప్పింది. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. ఆ మాట తిన్నగా చెప్పాల్సి వస్తే నాకు ఎవరు చెబుతారు? మా వియ్యపురాలే. ఎక్కడ చెబుతుంది? అందరూ వినే ఇంట్లో చెప్పదు. హోటల్లో, నా ఎదురుగా కూర్చుని చెబుతుంది. "నీ కూతుర్ని తీసుకపో వదినా" అంటుంది. ఇడ్లీ తుంచుతూ నేను ఆ వాక్యం కోసమే కాచుకుని ఉండేదాన్ని.

ఆమెకు ఒక అలవాటు. నీళ్ల గ్లాసు పక్కకు జరిపి, గొంతు సవరించుకుని, "వదినా, ఒక మాట అడగాల" అనేది. 

"అడుగు."

"ఈ సాంబారులో బెల్లం ఏసినారా?"

మరోసారి కర్నూలులో డాక్టరు దగ్గరికి పోయి వస్తూ ఒక పెద్ద హోటల్లో కూర్చున్నాం. అమ్మాయీ అల్లుడూ రిపోర్టుల కోసం ఆగారు. "వదినా, ఒక మాట అడగాల." చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆ మూల టేబుల్ కాడ ఉండే ఆయమ్మ మెడలోది బంగారేనా, గిల్టా?" నాకు నవ్వాలో ఏడవాలో తెలియక సైన్సు టీచర్ని కాబట్టి గిల్టు గురించి పాఠం చెప్పాను.

అహోబిలం మెట్లకు పసుపు పూశాం, మహానందిలో దీపాలు పెట్టాం. ఆత్మకూరు దగ్గర ఆకుమందు ఇచ్చేవాళ్లుంటే అక్కడికీ పోయాం. ఎక్కడికి పోయినా దారిలో తినాలి కదా. ఒక ఊళ్లో నిలబడి తినే హోటలు. "బిచ్చానికి నిలబడినట్టు యాల నిలబడల్ల" అని ఆమె వంటవాడి స్టూలు తెప్పించుకుని కూర్చుంది. హైదరాబాదులో పెద్ద ఆసుపత్రి పక్కన చల్లగా, మసగ్గా ఉండే రెస్టారెంటుకు పోతే, తలుపు దగ్గరి కోటువేసుకున్న మనిషిని "కరెంటు పోయిందేమప్పా?" అని అడిగింది. మా అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. అది నవ్వితే నేను ఇంకా భయపడ్డాను. లోపల ఏడుపు అంచు దాకా వచ్చినప్పుడే అది అలా నవ్వుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆ ఆసుపత్రిలోనే తేల్చి చెప్పేశారు. బిడ్డ కలిగే యోగం లేదు, లోపం మా అల్లుడి వైపు ఉంది. కారులో నలుగురం తిరిగొస్తున్నాం. దారిలో లారీలవాళ్లు ఆగే హోటలు కనిపిస్తే ఆమె ఆపమంది. పిల్లలిద్దర్నీ "మీరు ఆ పక్క కూచోండి" అని దూరంగా పంపింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. సర్వరు వచ్చాడు. ఏమున్నాయని అడగలేదు. అప్పుడే నాకు తెలిసింది, ఈసారి సాంబారు కాదని.

గ్లాసు పక్కకు జరిపింది.

"వదినా, ఒక మాట అడగాల."

"అడుగు."

"నీ కూతుర్ని తీసుకపోతావా?"

ఏళ్ల తరబడి నేను భయపడిన వాక్యం అదే. కానీ అడిగిన తీరు వేరుగా ఉంది. నాకు అర్థం కాలేదు. 

"లోపం మావానిది. మీరు చదువుకున్నోళ్లు. 'నా బిడ్డ బతుకు యాల పాడు చేసుకోవల్ల, ఇంటికి పా' అని నువ్వంటే నేను కాదనేకి లేదు. ఇన్నేండ్లూ అదే భయం నాకు. నువ్వు నా ఇంట్లో తినకుండా కోపంగా ఎల్లిపోతావేమోనని, ఖాళీ కడుపుతో పోతే ఒకటికి రెండు తోస్తాయని, హోటల్‌కు పిల్చుకపోతి. యా పొద్దు ఆ మాట అంటావోనని నీ నోరు చూస్తాంటి."

బల్లకు అటు ఆమె, ఇటు నేను, ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ ఎన్ని ఇడ్లీలు తిన్నామో. ఏ ఇడ్లీ రుచీ ఇద్దరికీ తెలియదు.

"నేను తీసుకుపోను" అన్నాను. "అది రాదు కూడా. అడిగి చూశాను ఒకసారి. అత్తమ్మ ఒక్కతే అయిపోతుంది అంది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే ఒక బిడ్డను తెచ్చుకుందాం" అంది. "మన నలుగురికి సరే అయితే చాలు. మా బావకు నేను చెప్తా." అప్పుడు సర్వర్ని పిలిచింది. "ఏముండాయప్పా?"

దరఖాస్తులు, ఎదురుచూపులు, ఇంటికొచ్చి విచారించే ఆఫీసరమ్మలు. అదంతా చాలాకాలం పట్టింది. చివరికి ఒక వానాకాలం పాప ఇంటికి వచ్చింది. ఆరు నెలల పిల్ల. నెత్తిన జుట్టు లేదు, కళ్లు మాత్రం ముఖమంతా. ఆ పొద్దు దగ్గరి బంధువులను పిలిచారు. నేనూ పోయాను. పెద్ద హాల్లో జనం కూర్చున్నారు, మధ్యలో కుర్చీలో బావగారు. భోజనాల వేళ అయింది. ఆయన దగ్గి, అందరికీ వినపడేలా అన్నాడు:

"ఎవురో కన్న బిడ్డ. మనవరాలు అంటానే మనవరాలు అయిపోతాదా? వియ్యపురాలి పట్టింపు యాడ తీరింది? ఆమె ఈ పొద్దు గూడా హోటల్‌కే పోవాల."

 మా అమ్మాయి పాపను భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దాని ముఖం చూడలేకపోయాను. మా పట్టింపును ఆయన ఎంత సులువుగా తనదిగా చేసుకున్నాడో! నేను లేచి బస్టాండు వైపు నడిస్తే చాలు. ఈ పిల్ల ఈ ఇంటి పిల్ల కాదని ఊరికి నేనే చెప్పినట్టు అవుతుంది.

 మా వియ్యపురాలు వంటింట్లోకి పోయి అరిటాకు తెచ్చింది. హాలు మధ్యలో, సరిగ్గా ఆయన కుర్చీ ముందర పరిచింది. నీళ్లు చిలకరించింది. అన్నం, పప్పు, వంకాయ కూర తనే వడ్డించింది.

"కూచో వదినా" అంది.

 ఇన్నాళ్లూ తింటే ఏమవుతుందోనని భయం. ఇప్పుడు తినకపోతే ఏమవుతుందో కళ్లముందు కనిపిస్తోంది. పాత భయం పోలేదు, దాని మీద కొత్తది వచ్చి కూర్చుంది. ఈ పసిదానికి నా మూలంగా ఏమైనా జరిగితే అని అప్పుడూ ఒక మూల నుంచి గుండె పీకుతూనే ఉంది. కూర్చున్నాను. పప్పన్నం కలిపాను. హాల్లో అందరి కళ్లూ నా చేతి మీదే. ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

అప్పుడు ఒక సంగతి తట్టింది. అన్నేళ్లు కలిసి తిన్నాం, ఆ ఊరగాయ తప్ప ఆమె చేతి వంట నేను రుచి చూడటం అదే మొదలు.

"ఎట్లుంది వదినా?" అని గట్టిగా, అందరూ వినేట్టు అడిగింది.

పప్పులో ఉప్పు లేదు. వంకాయ అడుగంటింది. అన్నం ఒకచోట పలుకు, ఒకచోట ముద్ద.

"హోటలే నయం" అన్నాను.

 ఆమె నవ్వింది. కడుపు పట్టుకుని, వంగి, పప్పు గిన్నె చేతిలో ఊగుతుంటే నవ్వింది. "మరి ఇన్నేండ్లు నిన్ను హోటళ్లెంబడి యాల తిప్పినాననుకున్యావ్?" అంది. మా అమ్మాయి నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు లేదు, నేను చూశాను. బావగారు లేచి చెప్పులు వేసుకుని పక్కింటికి పోయాడు. నేను ఆకులో మెతుకు మిగల్చలేదు. రెండోసారి వడ్డించుకుని తిన్నాను. అంత చప్పిడి పప్పు నా జన్మలో తినలేదు.

పట్టింపు తీరిపోయింది కదా, హోటళ్లు మానేశారా అంటే, ఆ వంట తిన్నాక ఎవరు మానతారు? పాప నడక నేర్చాక ముగ్గురం పోయేవాళ్లం. ఇప్పుడు నంద్యాలలో అద్దాల తలుపులు, మెత్తటి సోఫాలు ఉన్న హోటళ్లు వచ్చాయి. పాప ఆ అట్టల మెనూ పట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంటూ నాయనమ్మకు చదివి వినిపించేది. మొత్తం చదివించుకుని, "ఇంకొకసారి చదువు తల్లీ" అనేది ఆమె. దాని చదువు సగం ఆ మెనూల మీదే అయింది. బడిలో దాని టీచరు, "మీ పాప 'పనీర్ బటర్ మసాలా' తప్పు లేకుండా రాస్తుంది, 'పలక' రాయమంటే తడబడుతుంది" అని చెప్పింది. ఆ సంగతి మా వియ్యపురాలు బంధువులందరికీ ఫోను చేసి మరీ చెప్పుకుంది.

అయినా ఆమెకు లోపల దిగులు పోలేదని నాకు తెలుసు. పెళ్లిళ్లకు పోయినప్పుడు బావగారి తరఫువాళ్లు ఫోటోలకు పిల్లల్ని వరసగా నిలబెట్టేవాళ్లు. పాపను మాత్రం "నువ్వు ఆ పక్కకుండమ్మా, నీ వంతు తర్వాత" అనేవాళ్లు. ఆ తర్వాత రానే రాదు. ఈమె అన్నం వదిలేసి ఎంగిలి చేత్తోనే లేచి పోయి, పాపను వరస మధ్యలోకి తోసి వచ్చేది. వయసు మీద పడ్డాక లేవడం కష్టమైంది. కూర్చున్నచోటి నుంచే కళ్లతో కాపలా కాసేది.

ఈ వేసవిలో డాక్టరు బయటి తిండి పూర్తిగా మానమన్నాడు. అయినా పాప పుట్టినరోజున నంద్యాలకు వచ్చి హోటలుకు పోదామని మొండికేసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తను తింటూ, మమ్మల్ని దోసెలు తినమంది. పాప చేతులు కడుక్కోవడానికి లేచింది. గ్లాసు పక్కకు జరిగింది.

"వదినా, ఒక మాట అడగాల."

నేను సాంబారు వైపు చూశాను. ఆమె నవ్వలేదు.

"నేను పోయినంక ఈ పిల్లను ఎవురన్నా పక్కకు నెడితే, ఆ పొద్దు కూచున్నట్టు కూచుంటావా?"

"కూచుంటా."

"పప్పులో ఉప్పు లేకపోయినా?"

"లేకపోయినా తింటా. ఇంక అడగొద్దు" అన్నాను. గొంతు కటువుగానే వచ్చింది. అలా రాకపోతే ఏడ్చేదాన్ని.

శుక్రవారం ఆళ్లగడ్డకు పోయేటప్పుడు, చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి మాలాంటి వియ్యాలవారే అన్నం పట్టుకుపోవాలి. నేను వంట పెట్టుకోలేదు. హోటల్లోనే కట్టించుకుని పోయాను. "చావింటికి హోటల్ కూడు తెచ్చిందే" అని ఇద్దరు ముగ్గురు ముఖాలు చూసుకున్నారు. చూసుకోనీ. పొద్దుటి నుంచి ఎవరు బతిమాలినా నోరు తెరవని పాప ఆ పొట్లం చూసి, దగ్గరికి వచ్చి, నా పక్కన కూర్చుని తిన్నది.

వచ్చే సోమవారం పెద్దకర్మ. ఆ రోజు నేను ఆ హాల్లో కూర్చుంటాను, పాపను పక్కన పెట్టుకుని తింటాను. ఎవరు ఎంత దగ్గినా సరే. కానీ సోమవారం దాకా ఆగని పని ఒకటి వచ్చిపడింది. దాని గురించి నిన్నటి నుంచి నాకు కుదురు లేదు.

ఇంటి ముందు కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ పని బావగారి కొడుకు తీసుకున్నాడు. ఆమె ఫోటో కావాలన్నాడు. ఆమెకు మంచి ఫోటో ఒక్కటే ఉంది. పాప పుట్టినరోజున హోటల్లో నేను నా ఫోనుతో తీసింది. పాప కుర్చీ వెనక నిలబడి నాయనమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఈమె ఆ చేతి మీద తన చెయ్యి వేసుకుని నవ్వుతోంది. పంపాను. "పిల్లను తీసేసి ముఖం మాత్రం ఉంచమని షాపులో చెప్పినాం అత్తా" అని నిన్న జవాబు వచ్చింది. ఆ అబ్బాయి ఊళ్లో లేడు, ఫోను చేస్తే ఎత్తడం లేదు. నేను చావింట్లో మా అమ్మాయిని వదిలి మళ్లీ రాలేను.

అందుకని ఇది చదువుతున్న మీలో ఎవరికి వీలైతే వాళ్లు రేపు పొద్దున సంజీవనగర్‌లో మన మండలి బ్యానర్లు చేయించే ఫ్లెక్సీ షాపుకు పోవాలి, వీళ్లు పని ఇచ్చింది అక్కడే. ఫోను చేస్తే ఆ షాపతను వినడు, మనిషి ఎదురుగా కూర్చోవాలి. వెనకాల గోడా, బల్ల మీది గ్లాసులూ, పక్క టేబుల్ దగ్గరి మనిషీ, వీటన్నిటినీ తీసేసుకోమనండి. పాపను తీయవద్దు. భుజం మీది చెయ్యి దగ్గర కత్తెర పెట్టవద్దని గట్టిగా చెప్పండి. బావగారి పేరు చెప్పి వాదిస్తే, అసలు ఫోటో తీసిన ముసలామె ఒప్పుకోదని చెప్పండి. కింద 'మనవరాలు' అని రాయించి, పాప పేరు వేయించండి. పేరు అక్షరాలు నేను విడిగా పంపుతున్నాను, ఒత్తు చూసుకోండి. ప్రింటుకు ముందు కంప్యూటరు తెర మీద ఉన్నది ఫోటో తీసి నాకు పంపండి. నేను సరే అన్నాకే అక్కడి నుంచి లేవండి.